ఇప్పుడే రావద్దు

"ఏవండీ, నీళ్లు కారుతున్నాయి" అని నా భార్య పిలిస్తే నేను పానా పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. ప్లంబరుని కట్టుకున్న ఆడది అంతకంటే ఏం ఆశిస్తుంది? సింకు కింద దూరి, జాయింట్లన్నీ వేలితో తడిమి, అంతా పొడిగానే ఉందని అక్కడి నుంచే అరిచాను. విసుక్కుంటూ బయటికొచ్చి చూస్తే ఆమె పడకగది గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. కాళ్ల దగ్గర నేలంతా తడి. అప్పటికి ఏడో నెల పడి వారం కూడా కాలేదు.

"సింకు కాదండీ," అంది, నేనెక్కడ కంగారుపడతానో అని నెమ్మదిగా. "నేను."

ఆ రోజు ఆగమన కాలంలో మొదటి ఆదివారం. క్రిస్మస్‌కి ముందు వచ్చే ఆ నాలుగు ఆదివారాలూ మా సంఘంలో పండుగకు సున్నాలు వేసుకోవడానికి కాదు, ప్రభువు రాకడ కోసం ఎదురుచూడడానికి. వారానికొక కొవ్వొత్తి వెలిగిస్తారు. ఆరాధన చివర ఆశీర్వాదం అయ్యాక అందరూ లేచి, వెనక్కి, పెద్ద తలుపు వైపు తిరుగుతారు. తలుపు బార్లా తెరుస్తారు. ఆయన సరిగ్గా ఆ గుమ్మంలోంచే నడిచొస్తాడని ఎవరూ అనుకోరు. వచ్చేవాడి కోసం చూసేవాళ్లు తలుపు వైపు చూడాలి కదా, అందుకు. అప్పుడు సంఘమంతా ఒక్క గొంతుతో "ప్రభువా, త్వరగా రా" అంటుంది. ఆ తలుపు తీసే పని నాది. గడియ తుప్పు పట్టి బిర్రుగా ఉంటే ఒకసారి విప్పి బాగుచేశాను, ఇంకేముంది, అప్పటి నుంచి అది నా నెత్తిన పడింది. ఆ ఆదివారం మాత్రం దాన్ని ఎవరు తీశారో నాకు తెలీదు. నేను ఆసుపత్రి వరండాలో పానా చేత్తో పట్టుకునే కూర్చున్నాను. ఇంట్లో పెట్టి రావాలన్న ధ్యాస కూడా లేదు.

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. నా చేతిలో పానా వైపు ఒకసారి చూసి విషయంలోకి వచ్చింది.

"ఉమ్మనీరు పోతోంది. సంచికి ఎక్కడో చిన్న చిల్లు పడింది," అంది.

"చిల్లే కదమ్మా, మూయలేరా?"

"మూయలేమండీ."

"మరి ఏం చేస్తారు?"

"కదలకుండా పడుకోబెడతాం. ఇన్ఫెక్షన్ రాకుండా మందులిస్తాం. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడడానికి ఇంజెక్షన్లు ఇస్తాం. లోపల ఎన్నాళ్లుంటే అంత మంచిది."

"ఎన్నాళ్లుంటుంది?"

"ఈ సాయంత్రమే రావచ్చు. పండుగ దాటాక రావచ్చు. ఎవరూ చెప్పలేరు. మనం కనిపెట్టుకుని ఉండడమే."

నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ముందు కోపమొచ్చింది. గోడలో మూడు అడుగుల లోపల కారే పైపుని చెవి ఆనించి పట్టుకుంటాను నేను. మేడ మీద ట్యాంకు పగిలిందంటే వర్షంలో నిచ్చెనెక్కుతాను. నా ఇంటి మనిషికి చిల్లు పడితే మూయలేమని చెబుతున్నారు. చేతులు కట్టుకుని కూర్చోవడం నేను ఎప్పుడూ నేర్చుకోలేదు, ఆ వయసులో నేర్పేవాళ్లూ దొరకలేదు.

మా అత్తయ్య ఆ సాయంత్రమే సంచి సర్దుకుని వచ్చేసింది. నా భార్యకి తల్లి, సంఘానికి ఓ విధంగా పెద్ద దిక్కు. చర్చిలో పశువులపాక బొమ్మలు పెట్టే పని ఎన్నేళ్లుగానో ఆమెదే. గొర్రెలకాపరులు, ఆవు, గాడిద, తల్లి, తండ్రి అందరినీ మొదటి వారమే పెట్టేస్తుంది. పసిబాలుడి బొమ్మ మాత్రం బయటికి తీయదు. క్రిస్మస్ తెల్లవారుజామున తనే తెచ్చి పడుకోబెట్టేదాకా తొట్టి ఖాళీగా ఉండాల్సిందే. ఒకసారి సంఘపెద్ద ఎవరో "అమ్మా, ఖాళీ తొట్టి బోసిగా ఉంది, పెట్టేయకూడదా" అంటే, "బోసిగా ఉండాలనే పెట్టలేదు, మీకు తొందరైతే మీ ఇంట్లో పెట్టుకోండి" అని నోరు మూయించింది. ఆ ఏడాది కూతురి మంచం వదిలి రాలేక బొమ్మల పెట్టె మొత్తం పాస్టరమ్మగారికి అప్పజెప్పింది.

రెండో ఆదివారం మమ్మల్ని నా భార్యే వెళ్లగొట్టింది.

"ఇద్దరూ అటొకరు ఇటొకరు కూర్చుని నా మొహంలోకి చూస్తుంటే నాకు పిచ్చెక్కేలా ఉంది. వెళ్లండి. మీరు తలుపు తీసి రండి, అమ్మ కొవ్వొత్తి వెలిగించి వస్తుంది. నేనెక్కడికీ పారిపోను, లేవనిస్తే కదా."

ఆ రోజు ప్రసంగం మెలకువగా ఉండడం గురించి. మా పాస్టరుగారు మంచి మాటకారి, వాక్యంలో ఎక్కడ ఏముందో కళ్లు మూసుకుని చెప్పేవారు. ఆయన వేలెత్తి "నిద్రపోయేవాడికి ఆ దినం దొంగలా వస్తుంది" అంటుంటే మొదటి బెంచీలో మా డ్రిల్లు మాస్టారు గురక పెడుతున్నాడు. రిటైరయ్యాక ఆయనకి చెవులు తగ్గాయి, నిద్ర పెరిగింది. పక్కావిడ మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి "ఆమెన్" అని గట్టిగా అని మళ్లీ తల వాల్చేశాడు. పిల్లలు కిసుక్కుమన్నారు. చాలా రోజుల తర్వాత నాకూ నవ్వొచ్చింది.

ఆ తర్వాత పాస్టరుగారు మా అత్తయ్యని ముందుకు పిలిచారు. ప్రార్థన అవసరమున్న ఇంటివాళ్లు కొవ్వొత్తి వెలిగించడం మా దగ్గర అలవాటు. ఆమె శాలువా సర్దుకుని నడిచింది. మొదటిది వెలిగించింది, రెండోది వెలిగించింది. పుల్ల ఆర్పి వెనక్కి తిరగబోతూ పక్కనున్న పాక వైపు చూసింది. అక్కడే ఆగిపోయింది.

తొట్టిలో బొమ్మ ఉంది.

"ఎవరు పెట్టారు?" అంది. మొదట మామూలుగానే అడిగింది. "ఎవరు పెట్టారిక్కడ? తీయండి!"

పాస్టరుగారు ఒక అడుగు వేసి "అమ్మా," అన్నారు.

"తీయండయ్యా! ఇంకా నెలలు నిండలేదు! అప్పుడే రాకూడదు, తీసేయండి!"

జీవితంలో గొంతెత్తి ఎరగని మనిషి. ఆ అరుపుకి చర్చి పైకప్పు మీద పావురాలు కూడా లేచాయి. పాస్టరమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లల నాటకం రిహార్సల్ కోసం ముందురోజు పెట్టిందట, తీయడం మర్చిపోయింది. అత్తయ్య తనే వంగి బొమ్మని తీసి, శాలువాలో చుట్టి, పొట్టకి అదుముకుంది. నేను వెళ్లి భుజం పట్టుకునేదాకా అలాగే నిలబడింది. ఆమె భుజాలు అంత సన్నగా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలీదు. తర్వాత బొమ్మని పాస్టరమ్మగారి చేతుల్లో పెట్టి, "పండుగ తెల్లారేదాకా ముట్టుకోకు తల్లీ," అంది. ఇద్దరూ ఏడ్చారు.

ఆశీర్వాదం అయింది. నేను తలుపు దగ్గరికి వెళ్లి గడియ లాగాను. అందరూ ఇటు తిరిగారు. ఆ క్షణంలో వాళ్ల ముఖాలన్నీ కనిపించేది సంఘం మొత్తంలో నాకొక్కడికే. మామూలుగా అయితే ఆ మాట చెప్పేటప్పుడు ఒక్కొక్కరి ముఖం వెలిగిపోతూ ఉంటుంది. ఆ రోజు "ప్రభువా" అన్నదాకా బాగానే అన్నారు. ఆ తర్వాత గొంతులు దిగిపోయాయి. కొందరు పెదవులు కదిపారు, కొందరు అదీ చేయలేదు. మిఠాయి కొట్టావిడ నా వైపు చూసి చటుక్కున తల దించుకుంది. ఏడాదంతా ఎదురుచూసి అడిగే మాట, మా ఇంటి కోసం మింగేశారు. ఒక్క డ్రిల్లు మాస్టారు మాత్రం, జరిగిందేదీ వినలేదు కాబట్టి, పెరేడు మైదానంలో అరిచినట్టు "త్వరగా రా" అన్నాడు. నేను ఆయన్ని కొట్టలేదు, అదే గొప్ప.

ఆసుపత్రికి వెళ్లి ఇదంతా చెబితే నా భార్య మొదట నవ్వింది. వెంటనే పొట్ట పట్టుకుని, "నవ్వించకండి, కారుతుంది," అంది. దిండు సర్దుకుంది.

"పాపం అమ్మ. నేనూ రోజూ అదే అంటున్నాను, దీంతో," అంటూ పొట్ట మీద చెయ్యి వేసింది. "ఇప్పుడే రావద్దు, ఇంకాస్త ఆగు అని."

"మరి ప్రభువుతో?"

"ఆయన్ని కూడా కాస్త ఆగమన్నాను. ఇద్దరూ ఒకేసారి వచ్చేస్తే నేను ఎవర్ని చూసుకోను?"

నేను నవ్వాను కానీ ఆమె నవ్వలేదు. ఆమెకి భయంగా ఉంది. ఆ భయం నాకూ ఉంది. ఎవరిది వాళ్లం దాచుకుంటున్నామనుకున్నాం, అంతే.

ఆ వారమంతా నేను ఆ వార్డులో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చివరికి సంచి తెచ్చుకుని కుళాయిలు బాగుచేయడం మొదలుపెట్టాను. ఎవరూ అడగలేదు. ఆడవాళ్ల వార్డు చివర చేతులు కడుక్కునే బేసిను కారుతోంది, వాషర్ మార్చాను. మందుల గది పక్కది, వరండాలో మంచినీళ్లది, అన్నీ వరసపెట్టి విప్పి బిగించాను. పెద్ద నర్సు నడుం మీద చేతులు వేసుకుని నిలబడి, "అయ్యా, ఇంక కారేవి లేవు. కొత్తవి కావాలంటే పగలగొట్టి ఇస్తాను," అంది. ఆ మాత్రం వేళాకోళం కూడా నాకు హాయిగా అనిపించింది.

పాస్టరుగారు చూడ్డానికి వచ్చినప్పుడు నేను ఒక బేసిను కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఆయన పళ్ల సంచి పక్కన పెట్టి, వంగి చూశారు.

"లోపల ఆమెకి ప్రార్థన చేసి వచ్చాను తమ్ముడూ. నువ్వెలా ఉన్నావు?"

"అయ్యగారూ, ఒకటి అడుగుతాను, తప్పనుకోకండి," అన్నాను, పడుకునే. ముఖం కనబడకపోతే అడగడం తేలిక. "ప్రభువు ఈ వారమే వచ్చేశాడనుకోండి. లోపలున్న బిడ్డ సంగతేంటి? ఇంకా పుట్టనేలేదు. నేను దాని మొహం కూడా చూడలేదు. లెక్కలోకి వస్తుందా రాదా?"

"వాక్యం ఏం చెబుతుందంటే," అని మొదలుపెట్టారు ఆయన. ఆగిపోయారు. పక్కన బోర్లించిన బకెట్టు ఉంటే దాని మీద కూర్చున్నారు. ఆయన ఎప్పుడూ ఆగే మనిషి కాదు.

"నాకు తెలీదు తమ్ముడూ."

"మీకే తెలీకపోతే ఎలాగండీ?"

"మంచివాడని తెలుసు. నిన్నూ నీ బిడ్డనీ మర్చిపోడని తెలుసు. నువ్వడిగింది మాత్రం తెలీదు. ఇన్నేళ్లుగా త్వరగా రా, త్వరగా రా అని అందరి చేతా చెప్పిస్తున్నాను. ఆ మాటకి గుండె జారిపోయేవాళ్లు నా సంఘంలోనే ఉంటారని ఎప్పుడూ అనుకోలేదు."

"నేను రావద్దనట్లేదండీ. ఇప్పుడే వద్దంటున్నాను."

"నేనైనా అదే అంటాను," అన్నారాయన. తర్వాత ఏం చేయాలో తోచక నా టార్చి తీసుకుని జాయింటు మీద వెలుగు పట్టారు. ఎక్కడ పట్టాలో తెలీక నా కళ్లలో పట్టారు. సర్లే అని అలాగే బిగించాను. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆయనా నాలాగే చేతకాక కూర్చున్నారని తెలిసి కాస్త తోడు దొరికినట్టనిపించింది.

మూడో ఆదివారం గడిచింది. నీళ్లు తగ్గిపోతున్నాయని స్కానింగులో చెప్పారు. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందన్నారు. మేము ఆ రెండో మాట పట్టుకుని వేలాడాం. డాక్టరమ్మ ముఖం చూస్తే మొదటి మాటే పెద్దదని తెలుస్తూనే ఉంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నేను ఎవరింట్లోనో మెయిన్ వాల్వు కట్టేసి, సింకు కింద పైపు మొత్తం ఊడదీసి ఉన్నాను. ఫోను మోగింది. అత్తయ్య.

"బాబూ, దానికి జ్వరం వచ్చింది. ఇంక ఆగకూడదంటున్నారు. తీసుకెళ్తున్నారు బాబూ."

నేను ఆ ఇంటి నుంచి ఎలా బయటపడ్డానో గుర్తులేదు. ఇంటావిడ "అయ్యో, నీళ్లయ్యా, నీళ్లు!" అంటూ గేటు దాకా వెంటపడింది. పైపు నేల మీదే వదిలేశాను. నా సంచీ అక్కడే ఉండిపోయింది. వాళ్లు ఆ రోజు ఏం తిప్పలు పడ్డారో పాపం.

నేను వెళ్లేసరికి కాన్పు అయిపోయింది. పుట్టిన బిడ్డని ఒకావిడ గుడ్డలో చుట్టుకుని నా ముందు నుంచే పరుగున తీసుకెళ్లిందట. అది బిడ్డని నేను అనుకోలేదు. అంత చిన్నది. తువ్వాళ్లు తీసుకెళ్తోందనుకుని దారి ఇచ్చాను.

ఆడపిల్ల. నెలలు నిండని పిల్లల గదిలో అద్దాల పెట్టెలో పెట్టారు. ముక్కుకి గొట్టం, చేతికి సూది, ఒళ్లంతా తీగలు. గొట్టాల గురించి నాకు తెలియంది లేదనుకునేవాణ్ణి. ఆ సన్నటి గొట్టాల్లో ఏది ఎక్కడికి పోతుందో ఒక్కటీ అర్థం కాలేదు. డాక్టరమ్మని బతుకుతుందా అని అడిగాను. ఆమె అబద్ధం చెప్పలేదు. "ఊపిరితిత్తులు ఇంకా పూర్తిగా రాలేదండీ. ఈ రోజు బాగుంది. రేపటి సంగతి రేపు చూద్దాం," అంది.

పెద్ద నర్సు నా కుళాయిల పని మర్చిపోలేదు. రెండు రోజులయ్యాక మోచేతుల దాకా చేతులు కడిగించి, నన్ను లోపలికి తీసుకెళ్లి స్టూలు వేసింది.

"చూడండి, ఈ మేడమ్‌గారికి ఒక అలవాటుంది. ఊపిరి తీయడం మర్చిపోతుంది."

"మర్చిపోవడమేంటండీ?"

"నెలలు నిండని పిల్లలు అంతే. తీస్తూ తీస్తూ ఆగిపోతారు. మిషను కూస్తుంది, మేమొస్తాం. కానీ మిషను కంటే కన్ను ముందు. ఇదిగో, పక్కటెముకల కింద ఇక్కడ చూస్తూ ఉండండి. లేస్తుంది, దిగుతుంది. లేవలేదనుకోండి, పెట్టెకున్న ఈ కంతలోంచి చెయ్యి పెట్టి అరికాలు మీద వేలితో ఇలా తట్టండి. గట్టిగా కాదు. గుర్తొస్తుంది, మళ్లీ తీసుకుంటుంది."

"గుర్తు రాకపోతే?"

"నన్ను కేకేయండి," అంది.

అలా నాకొక పని దొరికింది. దాన్ని పని అనొచ్చో లేదో. అరికాలు నా బొటనవేలు గోరంత ఉండేది. నా చేతులేమో పైపులు పట్టి పట్టి కాయలు కాసినవి. మొదటిసారి తట్టాల్సి వచ్చినప్పుడు ఎక్కడ విరిగిపోతుందో అని ఆలస్యం చేశాను, నర్సే చెయ్యి పెట్టింది. తర్వాత్తర్వాత అలవాటైంది. అలవాటైందని చెప్పడానికే నాకు భయం. పగలంతా అక్కడే ఉండేవాణ్ణి. నా భార్యని చక్రాల కుర్చీలో తెచ్చి పక్కన కూర్చోబెట్టేవాళ్లు. మేము మాట్లాడుకునేవాళ్లం కానీ ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. ఇద్దరి కళ్లూ ఆ పొట్ట మీదే. అత్తయ్యని లోపలికి రానివ్వరు. ఆమె బయట బెంచీ మీద కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా మా మొహాలు చూసి లోపల ఎలా ఉందో తెలుసుకునేది.

నాలుగో ఆదివారం ఎప్పుడొచ్చిందో ఎప్పుడు వెళ్లిందో మాకు తెలీదు. క్రిస్మస్ నాడు మధ్యాహ్నం పాస్టరుగారు ఆరాధన ముగించుకుని నేరుగా ఆసుపత్రికి వచ్చారు. పాటలు పాడి పాడి గొంతు బొంగురుపోయింది. నర్సు ఆయన చేత కూడా చేతులు కడిగించింది, చాలలేదని మళ్లీ కడిగించింది. ఆయన అద్దాల పెట్టె దగ్గరికి వచ్చి చూశారు.

"ప్రార్థన చేయమంటారా?" అన్నారు.

"చేయండయ్యగారూ," అంది నా భార్య.

ఆయన చేతులు జోడించి, తల వంచి, అలవాటుగా కళ్లు మూసుకున్నారు. మళ్లీ తెరిచి నన్ను చూశారు.

"నేను మూసుకోలేనండీ," అన్నాను. "దీన్ని చూస్తుండాలి."

"ఏం చూడాలి?"

"పక్కటెముకల కింద, ఇక్కడ. లేస్తుంది, దిగుతుంది. లేవకపోతే చెప్పాలి."

ఆయన దగ్గరికి వంగారు. కళ్లజోడు సర్దుకున్నారు. కళ్లు తెరుచుకుని, ఆ చోటు వైపే చూస్తూ ప్రార్థన మొదలుపెట్టారు. ఆ మనిషి కళ్లు తెరిచి ప్రార్థించడం నేను ఎప్పుడూ చూడలేదు. చిన్న చిన్న మాటలు, పెద్దగా అల్లిక లేనివి. ఈ బిడ్డ, ఈ తల్లి, ఈ చేతులు అంటున్నారు. "ప్రభువా" అన్నారు. అంటూనే "తమ్ముడూ" అన్నారు.

లేవలేదు. నాకంటే ఆయనే ముందు చూశారు. నేను అరికాలు మీద తట్టాను. లేవలేదు. మిషను కూయడం మొదలైంది. నా భార్య గోళ్లు నా మోచేతిలో దిగాయి. మళ్లీ తట్టాను. నర్సు అడుగులు వినిపిస్తున్నాయి. మళ్లీ తట్టాను. అప్పుడు ఒక్కసారి, ఎవరో పిలిస్తే ఉలిక్కిపడ్డట్టు, పాప ఊపిరి తీసుకుంది.

నర్సు వచ్చి తీగలు సరిచూసి, "తీసుకుంది, తీసుకుంది," అని వెళ్లిపోయింది. పాస్టరుగారు నుదురు తుడుచుకున్నారు.

"ఎక్కడ ఆపానమ్మా?"

"ప్రభువా అన్నారు," అంది నా భార్య.

"ప్రభువా," అన్నారాయన మళ్లీ. ఆ తర్వాత మాట రాలేదు. మేమూ అందివ్వలేదు. ముగ్గురం తలలు ఆనేంత దగ్గరగా వంగి, అద్దం మీద మా ఊపిరి ఆవిరి పడితే నేను మోచేత్తో తుడుస్తూ, ఆ చిన్న పొట్ట మళ్లీ ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ నిలబడ్డాం.